వేణుగోపాల్ చెప్పిన రేటు

శ్రావణమాసం మొదలైన వారంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషన్ ఆగిపోవడంతో రేణుక చీర అంచుకి ఫాల్ చేత్తోనే కుట్టడం మొదలుపెట్టింది. పటమట రైతుబజారుకి దగ్గర్లో ఒక సందులో ఆమె ఇల్లు. ఇంటి ముందు గదే కొట్టు. ఫ్యాన్ కూడా లేక సందంతా నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు మెయిన్ రోడ్డు మీంచి ప్రచారం ఆటో మైకు వినిపించింది.

"అక్కల్లారా, చెల్లెళ్లారా! వరలక్ష్మీ వ్రతానికి కొత్త చీర కట్టుకోవాలనుకుంటున్నారా?"

రేణుక చేతిలో సూది అలాగే నిలిచిపోయింది. అది ఆమె భర్త గొంతు.

వేణుగోపాల్ పోయి నాలుగేళ్లు దాటింది. పెడనలో మగ్గాల ఇంట పుట్టినా అతను మగ్గం మీద కూర్చోలేదు. గొంతు బాగుందని ఎవరో అంటే బెజవాడ వచ్చి అనౌన్సర్ అయ్యాడు. బట్టల కొట్ల సేల్స్, మిక్సీల మేళాలు, తప్పిపోయిన పిల్లల కబుర్లు, ఏదైనా సరే, ఊళ్ళో ఆటోల్లో తిరిగేది అతని గొంతే. టీ కొట్టు దగ్గర "ఒక టీ" అని అడిగితే పక్కవాళ్ళు తిరిగి చూసేవారు. అలాంటి మనిషికి గొంతులోనే క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు, మెడ దగ్గర ఊపిరికి చిన్న రంధ్రం పెట్టారు. ఆఖరి నెలలన్నీ మాట లేకుండానే గడిపాడు. రేణుకని పిలవాలంటే చప్పట్లు కొట్టేవాడు.

అతను పోయిన మొదటి ఏడాది పాత రికార్డింగులు ఒకటి రెండు ఆటోల్లో వినిపించాయి. అప్పుడు ఆమె తలుపు వేసుకుని కూర్చునేది. ఇదీ అలాంటిదే అనుకుంది. కానీ మైకు దగ్గరయ్యేకొద్దీ మాటలు స్పష్టంగా వినిపించాయి.

"పటమటలో కొత్తగా తెరిచిన మా రెండో షోరూంలో, మంగళగిరి పట్టు చీరలు, ఏ చీరైనా తొమ్మిది వందల తొంభై తొమ్మిది! తొమ్మిది వందల తొంభై తొమ్మిది మాత్రమే!"

ఆ షోరూం తెరిచింది మొన్న ఉగాదికి. గుమ్మానికి కట్టిన బెలూన్లు రేణుక తన కళ్ళతో చూసింది. వేణుగోపాల్ బతికున్నప్పుడు ఆ స్థలంలో సైకిళ్ళ స్టాండు ఉండేది.

చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది. ఆటో అప్పటికే మలుపు తిరిగిపోయింది.

మర్నాడు ఆమె పొద్దున్నుంచీ రోడ్డు మీదే నిలబడింది. ఆటో వచ్చేసరికి అడ్డం వెళ్ళి ఆపింది. డ్రైవర్ పేరు బాలశౌరి, నలభై ఏళ్ళ మనిషి. మెడలో చిన్న శిలువ ఉంది.

"ఈ రికార్డింగు ఎక్కడిది బాబూ?"

"షాపువాళ్ళు పెన్‌డ్రైవ్ ఇస్తారమ్మా. పెట్టుకుని తిరగడమే నా పని. ఏం, చీర కావాలా? మంచి ఆఫరు. రెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదికే మంగళగిరి పట్టు."

"రెండు వేలా? తొమ్మిది వందలని కదా చెబుతోంది?"

"లేదమ్మా. పొద్దున షాపులో టెస్ట్ చేసేటప్పుడు నేను విన్నాను. రెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది."

"ఒకసారి మీరే వినండి."

బాలశౌరి ఇంజను ఆపాడు. రోజంతా ఆ చప్పుడు మధ్య అతను మైకు మాటల్ని పట్టించుకునేవాడు కాదు. ఇప్పుడు ఇద్దరూ తలెత్తి ఆటో టాపు మీదున్న హారన్ స్పీకర్ కేసి చూశారు. వేణుగోపాల్ గొంతు నోముల గురించి చెప్పింది, షోరూం గుర్తులు చెప్పింది, తర్వాత తాపీగా, ఒక్కో మాటా విడమర్చి రేటు చెప్పింది.

తొమ్మిది వందల తొంభై తొమ్మిది.

బాలశౌరి చెయ్యి తెలియకుండానే మెళ్ళో శిలువ మీదికి వెళ్ళింది. "షాపులో ఇలా లేదమ్మా," అన్నాడు మెల్లగా. "ప్రమాణంగా లేదు."

రేణుక అతని ఆటోలోనే షోరూంకి వెళ్ళింది. లోపల గొడవగా ఉంది. కౌంటరు చుట్టూ పాతిక మంది ఆడవాళ్ళు. "మైకులో ఒకటి చెప్పి ఇక్కడ ఒకటి తీసుకుంటారా?" అని ఒకావిడ అరుస్తోంది. ఓనరు అంకమ్మరావు తెల్లచొక్కా చేతులు మడిచి నవ్వుతూ సమాధానం చెబుతున్నాడు. వన్‌టౌన్‌లో తాతల నాటి హోల్‌సేల్ కొట్టు ఆయనది. ఎంతమంది అరిచినా ఆయన గొంతు పెంచడు.

"మేం ఆ రేటు చెప్పలేదమ్మా. గోడ మీద పోస్టరు చూడండి, రెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది అనే ఉంది. మైకూ అదే చెబుతోంది. కావాలంటే మీ ముందే వినిపిస్తాను."

బాలశౌరి దగ్గర పెన్‌డ్రైవ్ తీసుకుని షాపు స్పీకరుకి పెట్టించాడు. అందరూ విన్నారు. రెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. అనుమానానికి తావే లేదు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొందరు వెళ్ళిపోయారు. కొందరు, వచ్చాం కదా అని, చీరలు తీయించుకోవడం మొదలుపెట్టారు.

ఒక పెద్దావిడ మాత్రం కదల్లేదు. కళ్ళజోడు చేత్తో పట్టుకుని, బిల్లు పైకెత్తి చూపిస్తోంది. "నేను డబ్బు కట్టేశాను నాయనా. రెండు చీరలు. మా అమ్మాయికొకటి, కోడలికొకటి. కార్డు గీకేశాక మెట్ల మీద కూర్చుని చూసుకున్నా. ముందే చెబితే కొనేదాన్నే కాదు కదా. చీరలు తీసుకుని నా డబ్బు నాకిచ్చెయ్."

"అమ్మిన సరుకు వాపసు తీసుకోం పెద్దమ్మా. బిల్లు మీదే రాసుంది."

అప్పుడు అంకమ్మరావు చూపు రేణుక మీద పడింది. ఆయన నవ్వు ఆగింది. "నువ్వు వేణు భార్యవి కదమ్మా," అంటూ పక్క గదిలోకి పిలిచాడు.

అక్కడ ఆయన కొడుకు జయకృష్ణ కంప్యూటర్ ముందు ఉన్నాడు. పాతికేళ్ళవాడు, చదువు అయ్యాక షోరూం పని చూసుకుంటున్నాడు. తండ్రి చెప్పమంటే తల దించుకునే చెప్పాడు. వేణుగోపాల్ పాత రికార్డింగులు కొట్లో పడున్నాయట. ఏఐలో వాటిని పెడితే అదే గొంతు తయారయిందట. ఏ మాట టైప్ చేస్తే ఆ మాట చెబుతుందట.

"ఊరంతా నమ్మిన గొంతు కదమ్మా," అన్నాడు అంకమ్మరావు. "పోగొట్టుకోవడం ఎందుకని. నీకూ ఏదో ఇద్దామనే అనుకుంటున్నాం."

"నన్ను అడగాలి కదండీ."

"పోయినవాళ్ళ గొంతుకి ఎవర్ని అడుగుతారమ్మా?"

"నన్నే అడగాలి," అంది రేణుక. ఆయన సొరుగు తెరిచి కవరు బయటికి తీసేలోపే ఆమె గది దాటి వచ్చేసింది.

మెట్ల మీద ఆ పెద్దావిడ మళ్ళీ వచ్చి కూర్చుంది. పేరు చౌడేశ్వరమ్మ. పెడన నుంచి బస్సెక్కి వచ్చిందట. ఇంట్లో ఇప్పటికీ రెండు మగ్గాలు ఆడుతున్నాయి.

"నేసేదాన్నే కదమ్మాయ్," అంది సిగ్గుపడుతూ. "ఆ రేటుకి ఆ చీర రాదని తెలీదా నాకు? తెలుసు. కానీ ఆ గొంతు చెబుతుంటే నమ్మబుద్ధేసింది. అబద్ధం చెప్పే గొంతు కాదది."

రేణుక ఆమె చెయ్యి పట్టి లేపి, "నాతో రండి," అంది.

లాయరు డయానా రేణుక దగ్గర చీరలకి ఫాల్ కుట్టించుకుంటుంది. ఆమె ఆఫీసు రెండు వీధుల అవతల. బిల్లు చూసి, జరిగిందంతా విని, ముందు చౌడేశ్వరమ్మకి మంచినీళ్ళు ఇప్పించింది.

"కొట్లో ట్యాగు మీద అంకె పొరపాటున తప్పు పడితే, బిల్లు వెయ్యకముందు చెప్పి సరిదిద్దుకోవచ్చండీ షాపువాళ్ళు. అప్పుడు కొనాలో మానాలో మన ఇష్టం. ఇక్కడ సంగతి అది కాదు. ఊరంతా ఒక రేటు చాటి జనాన్ని రప్పించి, కౌంటరు దగ్గర చెప్పకుండా ఇంకో రేటు తీసుకున్నారు. ఇది తప్పుదోవ పట్టించే ప్రకటన. కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్ళొచ్చు."

"పొరపాటున జరిగిందంటారు కదండీ వాళ్ళు?" అంది రేణుక.

"అననివ్వండి. పొరపాటని తెలిసిన రోజున ఆపారా లేదా? అసలు ప్రశ్న అది. నేను ఈ రోజే నోటీసిస్తాను. ఆ తర్వాత కూడా ఆటో అదే చెబుతుంటే మీరు ఫోన్లో రికార్డు చెయ్యండి."

నోటీసు అందింది. ఆటో తిరుగుతూనే ఉంది. రేణుక రైతుబజారు ముందు నిలబడి ఫోన్ పైకెత్తి పట్టుకుంది. జనం, బస్సులు, కూరగాయల బేరాలు, ఆ రొద మీదుగా భర్త గొంతు వచ్చింది. ఇంటికొచ్చి తలుపు వేసుకుంది. మళ్ళీ పెట్టి వింది. తొమ్మిది వందల తొంభై తొమ్మిది. ఫోన్లో మారలేదు.

ఫిర్యాదు రాసేరోజు బాలశౌరి కూడా సాక్ష్యం చెబుతానని వచ్చాడు. ఆ ఆటో అతను అప్పటికే వదిలేశాడు. షాపువాళ్ళు ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. డయానా వరసగా అడుగుతూ రాసుకుంటోంది.

"మీరు ఈ ప్రకటన మొదట ఎక్కడ విన్నారమ్మా?"

"మా వీధిలోనే," అంది చౌడేశ్వరమ్మ.

"మీ వీధి అంటే?"

"పెడనలో. మగ్గం ఆపి మరీ విన్నా. విని, మర్నాడే బస్సెక్కా."

బాలశౌరి తలెత్తాడు. "పెడన నేను వెళ్ళలేదండీ. బందరు రోడ్డులో కంకిపాడు దాటలేదు ఎప్పుడూ. అంత దూరం తిరిగితే షాపువాళ్ళు డీజిల్ ఇస్తారా?"

"ఆటో చూశారా మీరు?" అంది డయానా.

చౌడేశ్వరమ్మ ఆలోచించింది. "చూళ్ళేదమ్మాయ్. సందు చివర్నుంచి గొంతు వినిపించింది. బయటికొచ్చేసరికి ఎవరూ లేరు. వెళ్ళిపోయిందేమో అనుకున్నా."

"ఏ వీధండీ మీది?" అని అడిగింది రేణుక. ఆ ఇంట్లోకి వచ్చి మూడేళ్ళే అయిందంటూ చౌడేశ్వరమ్మ గుర్తులు చెప్పింది. రంగులద్దే షెడ్డు, పక్కన గానుగ, ఆ వెనక సందు. వేణుగోపాల్ పుట్టి పెరిగిన సందు అది. పెళ్ళయిన కొత్తలో రేణుక కూడా అక్కడే కాపురం చేసింది.

రేణుక ఆ సంగతే చెప్పింది. డయానా కలం కింద పెట్టింది.

"పటమటలో విన్నారా అమ్మా?"

"బస్సు దిగి నడిచొస్తుంటే మళ్ళీ విన్నాగా."

"అది చాలు. అది రాస్తాను. పెడన సంగతి రాస్తే మనమేదో కల్పించామంటారు." ఆ మాట అని, తనలో తాను అన్నట్టుగా, "నేనైనా అంటాను," అంది.

ఫిర్యాదు వేసిన కొన్నాళ్ళకి జయకృష్ణ రేణుక ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. నిద్ర లేనివాడిలా కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"ఆంటీ, ఒక మాట చెప్పాలి. నాన్నకి తెలీదు నేను వచ్చినట్టు."

ఆమె కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"మీరు వచ్చి వెళ్ళిన రోజే నాకు భయమేసింది. ఫైలు మళ్ళీ చేశాను. రేటే లేకుండా చేశాను. ధర కోసం షోరూంకి రండి అని మాత్రమే టైప్ చేశాను. ఆటోలో నేనే కూర్చుని వెళ్ళాను. షోరూం ముందు అలాగే చెప్పింది. రోడ్డెక్కాక..." అతను రోడ్డు కేసి ఒకసారి చూశాడు. "రోడ్డెక్కాక రేటు చెప్పింది ఆంటీ. నేను టైప్ చెయ్యని రేటు. పెన్‌డ్రైవ్ పీకేశాను. అంతటితో ఆగాలి కదా. ఇంకోసారి చెప్పింది. అప్పుడాగింది."

"మరి ఆటో ఆపలేదేం?"

"ఆపమన్నాను. నాన్న వద్దన్నారు. ఆ రేటు విని పదిమంది వస్తే నలుగురు ఎలాగూ కొంటున్నారు, సేల్ పెరిగింది, తిరగనీ అన్నారు. తప్పు మనది కాదు, మెషిన్‌ది అన్నారు." అతను మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "ఆ రేటు ఎందుకు ఆంటీ? అంతే ఎందుకు చెబుతోంది? పాత రికార్డింగుల్లోంచి వచ్చిందేమోనని అన్నీ వెతికాను. ఒక్క దాన్లో ఉంది. ఏదో దసరా సేల్."

రేణుకకి ఆ దసరా తెలుసు. అప్పటికి వేణుగోపాల్‌కి జబ్బు లేదు. వన్‌టౌన్ కొట్టుకి అతనే చెప్పాడు, ఏ పట్టు చీరైనా తొమ్మిది వందల తొంభై తొమ్మిది అని. ఊళ్ళోంచీ, చుట్టుపక్కల పల్లెల్లోంచీ ఆడవాళ్ళు వచ్చారు. కొట్లో ఆ రేటుకి ఉన్నవి గుమ్మం పక్కన కుప్పేసిన చిరుగు చీరలు. మిగతావన్నీ మూడింతలు. ఆ వారంలోనే భార్యాభర్తలిద్దరూ బందరు బస్సెక్కారు. "రెండు, పెడన," అని అతను టికెట్ అడిగాడు. వెనక సీట్లో ఒకామె లేచి నిలబడింది. ఈ గొంతేనమ్మా మనల్ని మోసం చేసింది అంది. బస్సులో ఆడవాళ్ళంతా తిరిగి చూశారు. దిగేదాకా అతను నోరు విప్పలేదు.

రేణుక ఆ సంగతంతా చెప్పింది. "మర్నాడు ఆయన మీ నాన్నగారి దగ్గరికి వెళ్ళారు," అంది. "నా నోటితో చెప్పిన రేటు మీ కొట్లో ఉండాలండీ అన్నారు. మీ నాన్నగారు నవ్వారట. నోరు నీది, కొట్టు నాది అన్నారట. మళ్ళీ మీ పని ఒప్పుకోలేదు ఆయన. ఎంతిస్తామన్నా ఒప్పుకోలేదు. ఇప్పుడు మీరు అడక్కుండానే చేయించుకున్నారు."

జయకృష్ణ వెళ్ళబోతూ ఆగి, "కమిషన్‌లో నన్ను అడిగితే నిజమే చెబుతాను," అన్నాడు.

విచారణ చలికాలంలో జరిగింది. కమిషన్ హాలు చిన్నది. పొద్దుటి ఎండ కిటికీలోంచి బల్లల మీద పడుతోంది. అధ్యక్షుడు నెమ్మదైన మనిషి. అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. డయానా ఫోన్లో రికార్డింగు వినిపించింది. అంకమ్మరావు తరఫు లాయరు సంజీవరావు లేచాడు.

"అయ్యా, ఈ మాట మా క్లయింటు చెప్పింది కాదు. ఆయన మనుషులెవరూ చెప్పింది కాదు. కంప్యూటర్ గొంతు. సాంకేతిక లోపం ఏదైనా ఉంటే ఉండొచ్చు. దానికి వ్యాపారి ఎలా బాధ్యుడవుతాడు?"

"ఆ కంప్యూటర్‌ని ఆటో ఎక్కించి ఊరు తిప్పింది ఎవరండీ?" అన్నాడు అధ్యక్షుడు.

సంజీవరావు పెన్‌డ్రైవ్ పైకెత్తి చూపించాడు. "లోపం కూడా లేదనే మా వాదన. అసలు ఫైలు ఇదిగో. ఇక్కడే వినిపిస్తాం."

పెన్‌డ్రైవ్ స్పీకరుకి పెట్టారు. రేణుక వెనక బెంచీలో చౌడేశ్వరమ్మ పక్కన కూర్చుంది. అంకమ్మరావు ముందు వరసలో కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. ఆయన దీన్ని వందసార్లు విన్నాడు. గదిలో వింటే ఎప్పుడూ సరిగ్గానే చెప్పింది.

"అక్కల్లారా, చెల్లెళ్లారా!" గొంతు గదంతా నిండింది. నోములు, షోరూం, మంగళగిరి పట్టు, ఏ చీరైనా...

అక్కడ ఆగింది.

ఫైలు ఆగలేదు. స్పీకరు మీద చిన్న లైటు వెలుగుతూనే ఉంది. ముందు ఏమీ లేనట్టనిపించింది. తర్వాత గాలి వినిపించింది. లోపలికి వెళ్ళే గాలి, బయటికి వచ్చే గాలి. ముక్కులోంచి, నోట్లోంచి వచ్చే ఊపిరి కాదది. సన్నటి రంధ్రంలోంచి తడితడిగా, ఈలలాగా, మధ్యలో గరగరమంటూ. ఎవరో ఏదో చెప్పాలని ఊపిరి కూడదీసుకుంటున్నారు. మాట రావడం లేదు. మళ్ళీ కూడదీసుకుంటున్నారు.

రేణుక రెండు చేతులతో బెంచీ పట్టుకుంది. ఆస్పత్రి మంచం పక్క కింద చాప మీద పడుకుని ఆ చప్పుడు వింటూ గడిపిన మనిషి ఆమె. ఆ ఊపిరిని ఎవరూ రికార్డు చెయ్యలేదు. అప్పటికి వేణుగోపాల్ ఏ మైకు ముందుకీ వెళ్ళలేదు.

"ఫైలు పాడయినట్టుంది," అన్నాడు సంజీవరావు. గుమాస్తా వచ్చి బటన్ నొక్కాడు. చప్పుడు ఆగలేదు. వైరు లాగాడు. ఆగలేదు. సభ్యురాలొకామె చున్నీ భుజాల చుట్టూ లాక్కుంది. ఎండ పడుతున్న గదిలో అందరికీ చలేసింది.

అంకమ్మరావు కాలు కిందికి దించాడు. చొక్కా మెడ దగ్గర తడిసింది. ఒకసారి కొడుకు కేసి చూశాడు. జయకృష్ణ మొహం తిప్పుకోలేదు. ఇంకోసారి వెనక్కి తిరిగి రేణుక కేసి చూశాడు. ఊపిరి ఇంకా ఎగదన్నుతూనే ఉంది.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఇచ్చేస్తానండీ," అన్నాడు. ఆయన గొంతు అంత పెద్దగా పలకడం కొట్లో ఎవరూ ఎరగరు. "తొమ్మిది వందల తొంభై తొమ్మిదికే ఇస్తాను. కొన్నవాళ్ళందరికీ మిగతాది తిరిగిస్తాను. నాకు తెలుసండీ. తెలిసే ఆటో తిప్పాను."

చప్పుడు ఆగిపోయింది. బయట రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది.

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. స్పీకరు గురించి ఆయన ఒక్క ముక్కా అడగలేదు. ప్రతివాది ఒప్పుకున్నట్టు నమోదు చేయించాడు. ఆ సేల్‌లో కొన్న ప్రతి ఒక్కరికీ తేడా తిరిగివ్వాలని, తప్పు ప్రకటనని సరిదిద్దుతూ అదే వీధుల్లో మళ్ళీ ప్రకటన చేయించాలని ఆదేశం వచ్చింది. వేణుగోపాల్ గొంతు ఇక వాడకూడదన్న మాట డయానా రాజీ షరతుల్లో రాయించింది.

సవరణ ప్రకటన చెప్పడానికి ఊళ్ళో అనౌన్సర్లు దొరక్క కాదు. జయకృష్ణే తండ్రిని స్టూడియోలో కూర్చోబెట్టాడు. "మా షోరూం ప్రకటన మిమ్మల్ని తప్పుదోవ పట్టించింది. బాధ్యత మాదే. బిల్లు తెచ్చి మీ డబ్బు తీసుకెళ్ళండి." మధ్య మధ్యలో ఆయన గొంతు బొంగురుపోయింది. అలాగే వదిలేశారు. బాలశౌరి మళ్ళీ ఆ ఆటో ఎక్కాడు. పటమటలో, వన్‌టౌన్‌లో తిప్పాడు. పెన్‌డ్రైవ్‌లో ఎలా ఉందో బయటా అలాగే వినిపించిందని రేణుకకి ఫోన్ చేసి చెప్పాడు. చౌడేశ్వరమ్మ వచ్చి తేడా డబ్బు తీసుకుని, చీరలు కూడా తనే ఉంచుకుని పెడన వెళ్ళిపోయింది.

మిగిలింది ఆ గొంతు తీసెయ్యడం. ఆ పని తన ఎదురుగా జరగాలని రేణుక అడిగింది. జయకృష్ణ రమ్మన్నాడు. వెళ్దామనుకుంటూనే చాలా రోజులు గడిపేసింది. ఆఖరికి ఒక ఉదయం షోరూం ఇంకా తెరవకముందు వెళ్ళింది. వెనక గదిలో జయకృష్ణ కంప్యూటర్ తెరిచి కూర్చున్నాడు. తెర మీద మాటలు టైప్ చేసే ఖాళీ డబ్బా, కింద రెండు బటన్లు, ఒకటి పలికించడానికి, రెండోది తీసెయ్యడానికి.

"పాత రికార్డింగులన్నీ తీసేశాను ఆంటీ. ఇదొక్కటే ఉంది. ఈ రెండో బటన్ నొక్కితే ఇక ఉండదు." అతను ఆగాడు. "మీకు కావాలంటే ఒకటి చేసిస్తాను. ఏదైనా. మీ పేరు పిలిచినట్టు, మీతో మాట్లాడినట్టు. ఏది టైప్ చేస్తే అది చెబుతుంది."

రేణుక ఆ ఖాళీ డబ్బా కేసి చాలాసేపు చూసింది. ఆమెకి వినాలని లేకపోలేదు. పేరు పెట్టి పిలిస్తే ఎలా ఉంటుందో ఆమెకి గుర్తుంది.

"ఆయన అనని మాట ఆయన చేత అనిపించొద్దు నాయనా," అంది. కాసేపాగి, "ఏమీ టైప్ చెయ్యకు. ఊరికే నొక్కు," అంది.

"ఏమీ లేకుండానా? ఏం రాదు ఆంటీ."

"నొక్కు."

ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. అతను డబ్బా ఖాళీగానే ఉంచి పలికించే బటన్ నొక్కాడు. తెర మీద ఏమీ రాలేదు. శబ్దం ఉంటే పైకి లేవాల్సిన గీత తిన్నగానే ఉంది. హెడ్‌ఫోన్స్ తీస్తుందని అతను ఎదురుచూశాడు.

ఆమె తియ్యలేదు. తల కొంచెం పక్కకి వంచింది. కళ్ళు ఎక్కడో నిలిచాయి. ఒకసారి అవునన్నట్టు తలూపింది. కాసేపటికి చిన్నగా నవ్వింది. ఇంకాసేపటికి పెదవులు కదిలాయి, ఎవరికో జవాబు చెప్పినట్టు. జయకృష్ణ తెర కేసి చూశాడు. గీత కదలడం లేదు. అతనికి లేచి వెళ్ళిపోవాలనిపించింది. కానీ లేవలేకపోయాడు.

బయట షట్టరు ఎత్తిన చప్పుడయింది. పనివాళ్ళు వస్తున్నారు. అప్పుడు రేణుక హెడ్‌ఫోన్స్ తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. కళ్ళు తుడుచుకుంది.

"ఇక తీసెయ్," అంది.

అతను రెండో బటన్ నొక్కాడు. తెర ఖాళీ అయింది. ఆమె చెప్పులేసుకుని గుమ్మం దాటుతుండగా అతను ఆపుకోలేకపోయాడు.

"ఏం చెప్పారు ఆంటీ?"

రేణుక వెనక్కి తిరిగింది. ఆమె మొహం ప్రశాంతంగా ఉంది.

"నీకు కాదు నాయనా," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.